తొంభై నాలుగు వంతుల ముగ్గు

నాకు కోపం ఎక్కువని మా ఆయన నరసింహం పెళ్లయిన మూడో రోజే కనిపెట్టారు. జర్మనీ వచ్చాక ఆ కోపాన్ని ఎక్కడ దాచిపెట్టానో నాకే గుర్తు లేదు. డార్మ్‌స్టాట్‌లో ముప్పై రెండేళ్లు మత్తు డాక్టరుగా పనిచేశాను. మనుషుల్ని నిద్రపుచ్చడం, మళ్లీ లేపడం నా ఉద్యోగం. ఈ దేశంలో మొత్తం నలభై ఆరేళ్లు. ఒక్కరి చేతా మాట పడలేదు. చెత్తను నాలుగు రంగుల డబ్బాల్లో వేరు చేశాను. ఆదివారం గోడకు మేకు కొట్టలేదు. పోపు పెట్టేముందు కిటికీలు మూశాను. "మీరు ఎంత చక్కగా కలిసిపోయారు!" అని పక్కింటివాళ్లు మెచ్చుకుంటే చంకలు గుద్దుకున్నాను కూడా. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

మా బిల్డింగులో పన్నెండు ఇళ్లు. మూడో అంతస్తులో మాది సొంతం. కొన్నప్పుడు ఇచ్చిన కాగితాల్లో ఒక అంకె ఉంది: మెట్లు, లిఫ్టు, పైకప్పు, వీధి వాకిలి, ఇలా అందరికీ ఉమ్మడిగా ఉండేవాటిలో వెయ్యికి తొంభై నాలుగు వంతులు మావి. ఏడాదికోసారి ఏదో కాగితం మీద కనపడేది ఆ అంకె. అది ఎందుకైనా పనికొస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

రెండేళ్ల కిందట మొదటి అంతస్తులోకి హారిక అద్దెకు వచ్చింది. కరీంనగర్ అమ్మాయి. ముప్పై దాటి ఉండవు. రోజూ రైల్లో ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి వస్తుంది. భర్త సృజన్ వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల కంపెనీ పని, శుక్రవారం వచ్చి ఆదివారం పోతాడు. పదకొండు నెలలు తిరిగితే దొరికిన ఇల్లు ఇది. ఒక్కొక్క ఇల్లు చూడటానికి నలభైమంది వరసలో నిలబడ్డారట. ఇల్లు చూడటానికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరకడమే గగనం, దొరికినా మన పేరు చూడగానే ఇల్లు ఇంకెవరికో ఇచ్చేశామనేవాళ్లట.

అలాంటి పిల్ల, వచ్చిన నెల తిరక్కముందే వీధి వాకిట్లో ముగ్గేసింది.

మా వాకిలంటే పెద్ద బూడిదరంగు రాతిపలక. పైన చిన్న కప్పు ఉంటుంది కాబట్టి వాన పడదు. పొద్దున్న బ్రెడ్డు కోసం దిగిన నేను కాలు పెట్టబోయి ఆగిపోయాను. తొమ్మిది చుక్కల ముగ్గు, ఆరు రేకుల పద్మం. ఎక్కడా చెయ్యి వణకలేదు. నాకు సంతోషం కలగాలి కదా? కలగలేదు. అటూ ఇటూ చూశాను, ఎవరైనా చూశారేమోనని. ఆ పాపం నాదే, ఒప్పుకుంటున్నాను.

"ఇంటి గుమ్మం ముందు వేసుకోవచ్చు కదమ్మా, వీధి వాకిట్లో ఎందుకు?" అని అడిగాను సాయంత్రం.

"ఇంటి ముంగట కార్పెట్ ఉన్నది ఆంటీ. అయినా లక్ష్మీదేవి లిఫ్ట్ బటన్ నొక్కి ఫస్ట్ ఫ్లోర్‌కు వస్తదా? బయటి దర్వాజ నుంచే గదా రావాలె."

నలభై ఆరేళ్లుగా లక్ష్మీదేవి మా ఇంటికి ఏ దారిన వస్తోందో నేను పట్టించుకోలేదు.

ఈ సంవత్సరం ఆగస్టులో మొదటి ఉత్తరం వచ్చింది. మా బిల్డింగు బాగోగులు చూసే ఆఫీసు ఒకటి ఉంది. దాన్ని హౌస్‌ఫెర్వాల్టుంగ్ అంటారు. అందులో బ్రాండ్ అనే ఆయన మా వ్యవహారం చూస్తాడు. తెల్లపొడి మరక రాతిలోకి దిగుతోంది, ఇది ఉమ్మడి ఆస్తికి నష్టం అని రాశాడు. హారిక ఆ కాగితం పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. పెద్దదాన్ని కదా, సలహా చెప్పాను. రాతిపొడి వద్దు, బియ్యప్పిండితో వేసుకో, ఊడిస్తే పోతుంది, మరక ఉండదు, ఎవడూ నోరెత్తడు అన్నాను. చాలా తెలివైన సలహా ఇచ్చానని ఆ రాత్రి మా ఆయనతో గొప్పలు కూడా పోయాను.

ఇక్కడే అసలు తప్పు జరిగింది. హారిక ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసుకుని, బియ్యం మిక్సీలో వేసేసరికి పది కావస్తుంది. పది దాటితే చప్పుడు చేయకూడదు. పొద్దున్న ఆరుకు ముందు చేయకూడదు. ఆదివారం పూర్తిగా కూడదు. అన్నీ ఇంటి నియమాలే. పాపం ఆ పిల్ల నియమాలకు భయపడి రెండు తిప్పులు తిప్పి ఆపేసేది. పిండి ఎక్కడవుతుంది? సగం పిండి, సగం నూక. ఆ నూకల ముగ్గు కోసం పావురాలు దిగాయి. సెప్టెంబరు చివర రెండో ఉత్తరం వచ్చింది. ఈసారి మర్యాద కూడా తగ్గింది. పక్షులకు దాణా వేయడం నిషేధం, ఎలుకలు చేరతాయి, ఇది అధికారిక హెచ్చరిక, మళ్లీ జరిగితే ఇల్లు ఖాళీ చేయించమని యజమానికి సిఫార్సు చేస్తాం అని.

మరక అంటే మందలింపుతో పోయేది. నా సలహా పుణ్యమా అని అది ఇల్లు ఖాళీ చేసేదాకా వచ్చింది.

"ఆపేద్దాం హారికా" అన్నాను. "ఇల్లు పోతే మళ్లీ దొరుకుతుందా? నీ బ్లూ కార్డు వీసా, ఊరి ఆఫీసులో నీ అన్మెల్డుంగ్ నమోదు, అన్నీ ఈ అడ్రసు మీదే ఉన్నాయి. ముగ్గు కోసం ఇంత గొడవ అవసరమా?"

"సృజన్ గూడ అదే అంటుండు" అంది తల వంచుకుని. "సరే ఆంటీ. ఈ నెలంతా వేసి ఆపేస్త. మా అమ్మ చచ్చిపోయిన నెల ఇది. ఆమె నేర్పిందే గదా."

అక్టోబరు రెండో వారంలో మూడు రోజులు పడమటి గాలి విరుచుకుపడింది. సముద్రం వైపు నుంచి వచ్చిన తుపాను. నాలుగో రోజు శనివారం, ఏడున్నరకు నేను బ్రెడ్డుకు దిగాను. తలుపు అద్దంలోంచి ముగ్గు మీద ఒక పిచ్చుక కనపడింది.

నేను పక్షుల్ని చూసే మనిషిని. మా అబ్బాయి నీల్ స్కూల్లో ఉన్నప్పుడు వాడి బయాలజీ మాస్టారు లిండ్నర్‌గారు పక్షుల క్లబ్బు పెట్టారు. వాడు రెండు ఆదివారాలు వెళ్లి మానేశాడు. వాడి బూట్లు వేసుకుని నేను వెళ్లాను, ముప్పై ఏళ్లుగా వెళ్తూనే ఉన్నాను. ప్రతి ఆదివారం చూసినవన్నీ రాసి ఇస్తాను. ముప్పై ఏళ్లలో ఒక్క అరుదైన పిట్టనూ నేను కనిపెట్టలేదు. ఎవరో కనిపెడితే అందరితో పాటు వెళ్లి చూసి, వాళ్లకు అభినందనలు చెప్పి వచ్చేదాన్ని.

ఈ పిచ్చుక నెత్తి మీద నల్లచార, తెల్లచార, మళ్లీ నల్లచార. కంటికీ ముక్కుకీ మధ్య పసుపు రాసినట్టు చిన్న చుక్క. గొంతు తెల్లగా, కత్తిరించి అతికించినట్టు స్పష్టంగా ఉంది. రెండు కాళ్లతో ఒకేసారి ముందుకు గెంతి, వెనక్కి గీరి, లేచిన నూకలు ఏరుకుంటోంది. అప్పటికే పద్మంలో ఒక రేకు తినేసింది.

ఆ గీరడం చూడగానే గుర్తుపట్టాను. ఎప్పుడో బోస్టన్‌లో డాక్టర్ల సభకు వెళ్లినప్పుడు హోటల్ వెనక పొదల్లో వీటిని డజన్లకొద్దీ చూశాను. తెల్లగొంతు పిచ్చుక. అక్కడ దాన్ని ఎవరూ తలెత్తి చూడరు. ఇక్కడికి అది రావాలంటే అట్లాంటిక్ దాటాలి. పావు గంట అలాగే తలుపు వెనక నిలబడ్డాను. లిఫ్టులో దిగిన రెండో అంతస్తు ముసలాయన్ని చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాను. ఆయన నన్ను అలా ఎన్నడూ చూసి ఉండడు.

పైకి పరుగెత్తి లిండ్నర్‌గారికి ఫోను చేయబోయి ఆగాను. చెప్తే జనం వస్తారు. జనం వస్తే ముగ్గు ఇంకా పడుతోందని బ్రాండ్‌కు తెలుస్తుంది. చెప్పకపోతే నా ముప్పై ఏళ్లూ వృథా. ఒక రోజంతా కడుపులో పెట్టుకున్నాను. ఆదివారం పొద్దున్న హారిక తలుపు తట్టాను.

"హారికా, నెలాఖరుకు ఆపొద్దు. ఇంకొన్నాళ్లు వెయ్యి. నూక కాస్త ఎక్కువ వెయ్యి." పిట్ట సంగతంతా ఒక్క గుక్కలో చెప్పాను. నా మొహం వెలిగిపోతూ ఉండి ఉంటుంది.

హారిక మొహం మాత్రం మాడిపోయింది.

"ఆంటీ, ఒక్క మాట అడుగుతా, ఏమనుకోవద్దు. మా అమ్మ కోసం ఏస్తున్న అంటే ఆపుమన్నరు. ఇల్లు పోతది, గొడవెందుకు అన్నరు. ఇప్పుడు పిట్ట కోసం వెయ్యమంటున్నరు. ఇప్పుడు ఇల్లు పోదా నాది?"

ఆ పిల్ల అన్నది ముమ్మాటికీ నిజం. నా సలహా వల్లే ఆమె ఇంటికి ముప్పు వచ్చింది. ఇప్పుడు నా సరదా కోసం ఆ ముప్పును పొడిగించమంటున్నాను.

"క్షమించమ్మా. వెయ్యకు" అన్నాను. "నేను ఎవరికీ చెప్పను."

మెట్లు ఎక్కుతుంటే వెనక నుంచి పిలిచింది. "ఆంటీ! నేను వెయ్యనంటలేను. వేస్త. పిట్ట ఉన్నా వేస్త, లేకున్నా వేస్త. నెలాఖరుకు ఆపుడు కూడా లేదింక. మీ లిండ్నర్‌కు ఫోన్ చేసుకోన్రి."

ఫోను చేశాను. మర్నాటి సాయంత్రానికి వీధి నిండిపోయింది. మూడు కాళ్ల మీద నిలబెట్టిన దుర్భిణులు, మోచెయ్యంత లెన్సుల కెమెరాలు, థర్మాస్ ఫ్లాస్కులు. లైప్‌జిగ్ నుంచి కొందరు, హాలండ్ నుంచి కొందరు. లిండ్నర్‌గారు ఎనభై ఏళ్ల మనిషి, నా చెయ్యి పట్టుకుని ఊపుతూనే ఉన్నారు. అది పంజరంలోంచి తప్పించుకున్నది కాదని తేల్చాలని దాని కాళ్లకు రింగు ఉందా, రెక్కల కొసలు విరిగాయా అని ఫొటోలు పెద్దవి చేసి చూశారు. రింగు లేదు, రెక్కలు విరగలేదు. తుపానుతో వచ్చిందనే అందరూ ఒప్పుకున్నారు.

హారిక పొద్దున్న ఆరింటికి ముగ్గేసి రైలుకు వెళ్లేది. అరవైమంది ఊపిరి బిగబట్టి ఆమె చుక్కలు పెట్టడం చూసేవాళ్లు. ఆమె ఒక్కసారి కూడా తల తిప్పి వాళ్లను చూడలేదు. ముగ్గయ్యాక చేతులు దులుపుకుని, బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయేది.

స్థానిక పత్రిక నుంచి ఒకమ్మాయి వచ్చింది. నన్ను ముగ్గు పక్కన నిలబెట్టి ఫొటో తీసి, తియ్యగా అడిగింది: "దూరదేశం నుంచి వచ్చిన మీరు, దూరదేశం నుంచి వచ్చిన పిట్ట. దాన్ని చూస్తే మిమ్మల్ని మీరు చూసుకున్నట్టు అనిపిస్తోందా?"

"లేదు" అన్నాను. "పిట్ట దారి తప్పి వచ్చింది. నేను దారి తప్పలేదు. ఆస్పత్రివాళ్లు ఉత్తరం రాసి పిలిస్తే, టిక్కెట్టు కొనుక్కుని, దిగాల్సిన స్టేషన్లోనే దిగాను."

ఆ మాట ఆమె అచ్చు వేయలేదు. "ప్రకృతి ప్రేమికురాలైన భారతీయ వైద్యురాలు" అని రాసింది.

ఆ వార్త వచ్చిన రెండో రోజు బ్రాండ్ స్వయంగా వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, నున్నగా దువ్విన జుట్టు, చేతిలో తోలు ఫైలు. జనాన్ని చూశాడు, కెమెరాలను చూశాడు, నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి అభినందించాడు. వారం తిరక్కుండా మూడో ఉత్తరం వచ్చింది. అది చాలా మర్యాదగా ఉంది. "అరుదైన పక్షి ఉన్నంతకాలం ప్రవేశద్వారం దగ్గర దాణా వేయడాన్ని సహిస్తున్నాం. పక్షి వెళ్లిపోయిన వెంటనే ఈ వెసులుబాటు రద్దవుతుంది. వెళ్లిపోయిన సంగతి డాక్టర్ కుముదినిగారు రాతపూర్వకంగా తెలియజేయాలి."

నేను గెలిచామనుకున్నాను. హారిక రెండుసార్లు చదివింది.

"దాణానా? నేను దాణా ఎప్పుడేసిన ఆంటీ? ముగ్గు అన్న మాటే లేదు ఇండ్ల."

అప్పుడు నేనూ మళ్లీ చదివాను. సహిస్తున్నాం. ఆ మాట నాకు కొత్త కాదు. వచ్చిన కొత్తలో వీసా ఆఫీసు వరండాల్లో చాలాసార్లు విన్నాను. అయితే దారి తప్పి వచ్చిన పిట్టకు, అది కూడా అరుదైనది కాబట్టి, కొన్నాళ్లు మర్యాద. రెండేళ్లుగా అద్దె ఒక్క రోజు ఆలస్యం చేయకుండా కడుతున్న అమ్మాయి వేసిన ముగ్గు మాత్రం ఎలుకల దాణా. తలలో ఎక్కడో నిద్రపుచ్చిన కోపం లేచి కూర్చుంది. నలభై ఆరేళ్ల తర్వాత కదా, బాగా ఆకలి మీద లేచింది.

పిట్ట పంతొమ్మిది రోజులు ఉంది. నవంబరు మొదట్లో ఒక రాత్రి ఆకాశం తేటపడి మంచు కురిసింది. తెల్లారి అది రాలేదు. మర్నాడూ రాలేదు. లిండ్నర్‌గారు పొదలన్నీ వెతికి, టోపీ తీసి, "వెళ్లిపోయింది డాక్టర్‌గారూ" అన్నారు. జనం పలచబడ్డారు. మూడో రోజు వీధిలో ఒక్క దుర్భిణి కూడా లేదు.

నేను ఉత్తరం రాయాలి.

మా ఆయన నెమ్మదస్తుడు. ఇంజనీరుగా రిటైరయ్యారు. గొడవ వాసన తగిలితే పేపరు వెనక దాక్కుంటారు. ఆ రోజు పేపరు కిందికి దించి అన్నారు: "ఇంకా ఉందని రాసెయ్యవే. ఎవడొచ్చి చూస్తాడు? మార్చి దాకా లాగొచ్చు."

"ముప్పై ఏళ్లుగా ప్రతి ఆదివారం రాసిస్తున్నానండీ. చూడని పిట్టను ఒక్కదాన్ని కూడా రాయలేదు. ఇప్పుడు రాస్తే ఈ పిట్టనీ ఎవరూ నమ్మరు. అయినా, ముగ్గేసుకోడానికి పిట్టను అడ్డం పెట్టుకోవాలా?"

"మరి ఆ పిల్ల ఇల్లు?"

అదే కదా ప్రశ్న. హారిక సంగతి నాకు తెలుసు. వెయ్యనంటే వెయ్యదు, వేస్తానంటే వేస్తుంది. రేపు పొద్దున్న వేస్తుంది, ఎల్లుండి ఖాళీ చేయమని ఉత్తరం వస్తుంది. మళ్లీ పదకొండు నెలల వరసలు. ఇంటి కాగితాల ఫైలు తీసి, అందులో ఏదైనా దారి ఉందా అని వెతకడం మొదలుపెట్టాను. ఏడో పేజీలో ఆ అంకె కనపడింది.

వెంటనే రెండు లైన్ల ఉత్తరం రాసి ఈమెయిల్లో పంపాను. "పక్షి వెళ్లిపోయింది. మూడు రోజులుగా ఎవరూ చూడలేదు." తర్వాత కిందికి దిగి హారిక తలుపు తట్టాను.

"రేపటి నుంచి నువ్వు వెయ్యకు."

"ఆంటీ, మళ్ల అదే..."

"నే చెప్పేది పూర్తిగా విను. నువ్వు అద్దెకున్నావు. నిన్ను ఖాళీ చేయించగలరు. నన్ను ఎవడూ కదపలేడు. నేను వేస్తాను. నేను చుక్కలు మర్చిపోయాను, నువ్వు పక్కన నిలబడి చెప్పు."

"మీరా?" అంది హారిక. "మీ మోకాళ్లు?"

"నా మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను. నూక ఇలా ఇవ్వు."

మర్నాడు ఏడింటికి దిగాను. స్టూలు వేసుకుని కూర్చుందామని చూశాను, అందలేదు. చివరికి ఒక దిండు వేసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. పన్నెండేళ్లప్పుడు కాకినాడలో మా వాకిట్లో వేసినదే చివరిసారి. వేళ్ల సందులోంచి పిండి ధారగా పడాలి. నాకు కుప్పలు కుప్పలుగా పడింది. హారిక తలుపు లోపల నిలబడి, రైలు వదులుకుని, చెప్పింది: "తొమ్మిది చుక్కలు, సందు చుక్క ఐదు వరకు. అట్ల కాదు ఆంటీ, నడుమ నుంచి మొదలువెట్టున్రి." రెండో అంతస్తు ముసలాయన బయటికి వెళ్తూ దాటడానికి చోటు వెతుక్కున్నాడు. నేను లేవలేదు. ఆయన అంచున నడిచి వెళ్లాడు.

ఎనిమిదింటికి బ్రాండ్ వచ్చాడు. వెంట నీళ్ల పైపు, మెషీను పట్టుకుని శుభ్రంచేసే మనిషి.

"డాక్టర్‌గారూ, మీ ఉత్తరం అందింది. పక్షి వెళ్లిపోయింది కదా?"

"వెళ్లిపోయింది."

"మరి ఈ దాణా ఎవరికి?"

"ఇది దాణా కాదు. దీని పేరు ముగ్గు. రాసుకోండి, ఈసారి ఉత్తరంలో సరిగ్గా రాద్దురుగాని."

ఆయన తలుపు లోపలున్న హారిక వైపు చూశాడు. "ఈమెకు రెండు హెచ్చరికలు అందాయి..."

"ఆమె వైపు చూడకండి. వేసింది నేను. పిండి నా చేతికి అంటుకుని ఉంది." రెండు చేతులూ చాచి చూపించాను.

"ఇది ఉమ్మడి స్థలం డాక్టర్‌గారూ. యజమానులందరిదీ."

"అందరిదీ కాబట్టే నాదీను. వెయ్యికి తొంభై నాలుగు వంతులు నావి. నా వంతులో నేను ముగ్గేసుకున్నాను. మిగతా తొమ్మిది వందల ఆరు వంతుల్లో మీరు నీళ్లు కొట్టుకోండి."

బ్రాండ్ నవ్వబోయాడు. "అది అలా కొలిచేది కాదండి."

అప్పుడు లిఫ్టు తలుపు తెరుచుకుంది. మా ఆయన. ఇంటి చెప్పులు, స్వెటరు, చేతిలో కొలత టేపు, చెవి మీద పెన్సిలు. పెళ్లయిన యాభై ఏళ్లలో గొడవ జరుగుతున్న చోటికి ఆయన తనంతట తానుగా రావడం అదే మొదటిసారి. ఎవరికీ ఏమీ చెప్పకుండా వంగి, పలకను ఇటు కొలిచారు, అటు కొలిచారు.

"మూడు మీటర్లు, రెండు మీటర్లు" అన్నారు జర్మన్‌లో, ఆఫీసులో రిపోర్టు చదివినట్టు. "ఆరు చదరపు మీటర్లు. అందులో తొంభై నాలుగు వంతులంటే ఇంచుమించు డెబ్బై ఐదు సెంటీమీటర్ల చదరం." టేపు ముగ్గు మీద పట్టారు. "ముగ్గు డెబ్బై రెండు ఉంది. మా ఆవిడ మూడు సెంటీమీటర్లు మీకే వదిలేసింది."

శుభ్రంచేసే మనిషి పక్కకు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

"చట్టం ఇలా పనిచేయదు" అన్నాడు బ్రాండ్. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"పనిచేయకపోతే ఉత్తరం రాయండి. నాకు రాయండి. డాక్టర్ కుముదిని, మూడో అంతస్తు. నలభై ఆరేళ్లలో నాకు ఒక్క హెచ్చరిక కూడా రాలేదు. చాలా ఆలస్యం చేశాను."

పైపు పట్టుకున్న మనిషి ముగ్గు మీద నీళ్లు కొట్టాలంటే ముందు నన్ను లేపాలి. డెబ్బై మూడేళ్ల ఆడమనిషిని మోకాళ్ల మీద నుంచి ఎవరు లేపుతారు? మెషీను మళ్లీ బండిలోకి ఎక్కింది. నిజం చెప్పాలంటే, వాళ్లు వెళ్లాక నా అంతట నేను లేవలేకపోయాను. మా ఆయన ఒక చెయ్యి, హారిక ఒక చెయ్యి పట్టుకుని లాగారు.

"ఆంటీ, ముగ్గు మస్తు వంకర ఉన్నది" అంది హారిక. ఏడుస్తూ నవ్వుతోంది.

ఇప్పటికి నాకు నాలుగు ఉత్తరాలు వచ్చాయి. అన్నిటిలోనూ ముగ్గు అనే రాస్తున్నాడు, పేరు సరిగ్గా పట్టుకున్నాడు. అన్నీ నా పేరు మీదే. హారికకు ఒక్కటీ రాలేదు. వసంతంలో యజమానుల సమావేశం ఉంది, అక్కడ తేలుస్తామంటున్నారు. తేల్చుకోనీ. మా ఆయన పలక బొమ్మ గీసి, నా వంతు ఎర్ర పెన్సిలుతో దిద్ది, కాపీలు తీయించి సిద్ధంగా ఉంచారు. పిట్ట సంగతి అరుదైన పక్షుల లెక్కలు చూసే కమిటీ వాళ్లు ఇంకా తేల్చలేదు. దానికీ ఏడాది పడుతుందట.

పిండి మెత్తగా చేసుకోవచ్చు. ఇప్పుడు హారిక శనివారం మధ్యాహ్నం మిక్సీ వేస్తుంది, కావలసినంత సేపు తిప్పుకోవచ్చు. నేనే వద్దన్నాను, నూకే ఉండనీ అన్నాను. చెయ్యి నాది, చుక్కల లెక్క ఆమెది. ఈ పొద్దున్న పద్మం పూర్తవుతుండగానే నాలుగు మామూలు ఊరపిచ్చుకలు దిగి ఒక రేకు మొత్తం తినేశాయి. వాటిని చూడటానికి ఎవరూ రాలేదు. అవి ఎగిరిపోయేదాకా ఆగి, ఆ రేకు మళ్లీ వేశాను.